మెగాపిక్సెల్స్ సంగతి వదిలేయండి, లెన్స్ చుట్టూ ఏం రాశారో చదవండి

[బల్ల మీద రెండు చిన్న కెమెరాలు పక్కపక్కన. రెండింటి మీదా "20 మెగాపిక్సెల్స్" అన్న స్టిక్కర్.]

ఈ రెండూ 20 మెగాపిక్సెల్స్ కెమెరాలే. రెండూ జేబులో పట్టేవే. పట్టపగలు బయట తీస్తే ఏ ఫొటో దేనితో తీశారో నేను కూడా చెప్పలేను. అదే చీకటి పడ్డాక, ఇంట్లో ఒక్క లైటు వెలుగులో తీసి చూడండి. ఒకదాంట్లో కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తాయి. రెండోదాంట్లో జుట్టంతా ఒకటే ముద్ద, చొక్కా మీద గళ్లు మాయం.

అంకె ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడి నుంచి వచ్చింది? ఈ మాట ఎవరూ అడగరు, అదే నా బాధ. కెమెరా కొనాలనుకునే ప్రతివాళ్లూ నన్ను అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని మెగాపిక్సెల్స్ అన్నా?" రెండోది "జూమ్ ఎంత?" మూడో ప్రశ్న ఉండదు. అడగాల్సింది మాత్రం ఆ మూడోదే: "సెన్సర్ ఎంత పెద్దది, దాని మీద వెలుతురు ఎంత పడుతుంది?" సెన్సర్ అంటే లెన్స్ వెనక బొమ్మ పడే చిన్న పలక.

ఫొటోలో ఒక్కో చుక్క ఒక పిక్సెల్, పది లక్షల పిక్సెల్స్ ఒక మెగాపిక్సెల్. ఇది మీకు తెలుసు, ఇంతకు మించి చెప్పి విసిగించను. సెన్సర్‌ని ఒక పొలం అనుకోండి. వెలుతురు ఆ పొలానికి పారే నీళ్లు. ఆ పొలాన్ని ఎన్ని మడులు చేశారన్నదే మెగాపిక్సెల్స్ లెక్క. అర ఎకరాన్ని పన్నెండు మడులు చేసినా, ఇరవై చేసినా అది అర ఎకరమే. మడులు పెరిగాయని పంట పెరగదు. పైగా మడికీ మడికీ మధ్య ఒక గట్టు పోతుంది కదా, ఆ గట్టు మీద ఏమీ పండదు.

ఈ గట్ల బాధ ఇప్పుడు చాలావరకు తీరిందనుకోండి. పాత రకం సెన్సర్లలో వైర్లు పిక్సెల్స్ పైభాగంలోనే ఉండేవి. రావాల్సిన వెలుతురులో కొంత వాటికే తగిలి పోయేది. బ్యాక్ ఇల్యూమినేటెడ్ సెన్సర్లు వచ్చాక ఆ వైర్లను వెనకవైపుకు మార్చేశారు. గట్లన్నీ తీసి పొలం అడుక్కి దించేశారన్నమాట! కాబట్టి మెగాపిక్సెల్స్ ఎక్కువైతే ఫొటో నాశనమైపోతుందని చెప్పేవాళ్లనూ నమ్మకండి. ఎక్కువున్నా పెద్దగా నష్టం లేదు, మనలాంటివాళ్లకు పెద్దగా లాభమూ లేదు.

మనకు నిజంగా ఎన్ని కావాలో చూద్దాం. 4కె టీవీ తెర మొత్తం 3840 గుణించు 2160. అంటే 83 లక్షల పిక్సెల్స్, 8.3 మెగాపిక్సెల్స్. అంత పెద్ద తెరకు అంతే! 12 మెగాపిక్సెల్స్ ఫొటోని అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింట్ తీస్తే 13 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు వస్తుంది. మీ ఇంట్లో గోడకు ఇంతకంటే పెద్ద ఫొటో ఉందా? నా గోడకైతే లేదు.

ఈ సంగతి కంపెనీలకు తెలియదా అంటే, ఎప్పుడో తెలుసు. కెనాన్ 2008లో తెచ్చిన పవర్‌షాట్ జీ10లో 14.7 మెగాపిక్సెల్స్. ఆ తర్వాతి ఏడాది వచ్చిన జీ11లో 10. పెంచలేదు, తగ్గించారు. పానసోనిక్ కూడా టీజెడ్60లో 18 ఇచ్చి, దాని తర్వాతి టీజెడ్70లో 12కి దిగింది. అమ్మేవాళ్లే అంకె తగ్గించుకున్నారు, కొనేవాళ్లు మాత్రం ఇంకా దాన్నే పట్టుకుని వేలాడుతున్నారు.

[స్కేలు బల్ల మీద పెట్టాలి. కెమెరా దగ్గరగా రావాలి.]

సరే, పొలం కొలతలకు వద్దాం. చిన్న కెమెరాల్లో ఎక్కువగా కనిపించే సెన్సర్ పేరు 1/2.3 అంగుళం. దాని అసలు కొలత సుమారు 6.2 మిల్లీమీటర్లు బై 4.6. ఇదిగో, స్కేలు మీద చూడండి. నా చిటికెన వేలి గోరు దీనికంటే పెద్దది. రెండోది "ఒక అంగుళం" సెన్సర్. ఇది 13.2 బై 8.8 మిల్లీమీటర్లు. స్కేలు మీద అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు కదా, మరి ఈ మూల నుంచి ఆ మూలకి ఏటవాలుగా కొలిచినా 16 దాటట్లేదే? దాటదు. పాతకాలం టీవీ కెమెరాల్లో గాజు ట్యూబులు ఉండేవి. ఆ ట్యూబు బయటి వ్యాసాన్ని సైజుగా చెప్పేవారు, లోపల బొమ్మ పడే చోటు మాత్రం అంతకంటే చాలా చిన్నది. ట్యూబులు ఏనాడో పోయాయి, ఆ కొలత మాత్రం మన నెత్తిన అలాగే ఉండిపోయింది. ఇంత గందరగోళపు కొలత ఇంకెక్కడా చూడలేదు నేను.

పేరు ఎలా ఉన్నా, విస్తీర్ణం లెక్క కట్టండి. చిన్నది 28 చదరపు మిల్లీమీటర్లు. అంగుళం సెన్సర్ 116. నాలుగింతలు! జేబులో పట్టే కెమెరాల్లోనే ఇంకా పెద్ద పొలాలున్నవీ ఉన్నాయి. రికో జీఆర్ 3లో ఏపీఎస్-సీ సెన్సర్ ఉంటుంది, పెద్ద కెమెరాల్లో పెట్టే సైజు అది. కాకపోతే దాంట్లో జూమ్ లేదు, ఫ్లాష్ కూడా లేదు. పొలం పెద్దదైతే దానికి తగ్గ లెన్స్ కావాలి, జేబేమో పెరగదు. ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి వదులుకోవాల్సిందే.

[కెమెరా లెన్స్ ముందు భాగం స్క్రీన్ నిండా.]

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన పని. షాపులో కెమెరా చేతికివ్వగానే వెనక స్క్రీన్ చూడకండి. ముందుకు తిప్పి, లెన్స్ చుట్టూ చిన్న అక్షరాల్లో ఏం రాశారో చదవండి. బాక్స్ మీద బొమ్మలు, స్టిక్కర్లు ఏవైనా వేసుకోనివ్వండి, ఈ అంకెలు మాత్రం నిజం చెప్తాయి.

కెనాన్ జీ7 ఎక్స్ తీసుకుందాం, 2014 మోడల్. లెన్స్ మీద 8.8-36.8 మిల్లీమీటర్లు అని ఉంటుంది, పక్కనే 1:1.8-2.8. అదే కంపెనీ ఎస్ఎక్స్720 హెచ్ఎస్ మీద 4.3-172, ఇంకా 1:3.3-6.9. రెండింటివీ 20 మెగాపిక్సెల్సే.

ముందు జూమ్ సంగతి తేల్చేద్దాం. ఆ మిల్లీమీటర్లు లెన్స్ ఫోకల్ లెంగ్త్: మొదటిది జూమ్ చేయనప్పుడు, రెండోది చివరిదాకా జూమ్ చేశాక. 172ని 4.3తో భాగించండి, 40 వస్తుంది. అదే బాక్స్ మీద పెద్దగా వేసే 40ఎక్స్. 36.8ని 8.8తో భాగిస్తే 4.2. ఎక్స్ అంటే ఆ చివరకీ ఈ చివరకీ మధ్య నిష్పత్తి, అంతే. 40ఎక్స్ అనగానే కంటికి కనిపించేదాన్ని నలభై రెట్లు దగ్గరకు తెస్తుందని అనుకుంటారు, అలా ఏం కాదు.

ఇక 1.8, 3.3 అన్న అంకెలు. ఇవి కాలువ తూము సైజు, అంటే లెన్స్ ఎంత వెలుతురు లోపలికి వదులుతుందో చెప్పే లెక్క. అంకె తగ్గేకొద్దీ తూము పెద్దది. తిరకాసుగా ఉంటుంది, ఒక్కసారి అలవాటు చేసుకోండి. పక్కపక్కన రెండు అంకెలు ఎందుకంటే జూమ్ చేయని చోట ఒకటి, చివరిదాకా జూమ్ చేశాక ఒకటి. ఎస్ఎక్స్720లో 3.3 నుంచి 6.9కి పోయారంటే తూములో నుంచి వచ్చే వెలుతురు నాలుగో వంతు కంటే తగ్గిపోతుంది. సాయంత్రం పూట జూమ్ చేసి తీసిన ఫొటోలు ఎందుకు అలికినట్టు వస్తాయో ఇప్పుడు అర్థమైందా? కెమెరా పాడవలేదండీ, తూము ముడుచుకుపోయింది.

ఇప్పుడు తూమునీ పొలాన్నీ కలిపి లెక్క వేద్దాం. రెండింటినీ జూమ్ చేయకుండా పట్టుకున్నాం. 1.8 తూము 3.3 తూము కంటే సుమారు 3.4 రెట్లు వెలుతురు వదులుతుంది. పొలం నాలుగింతలు పెద్దది. గుణిస్తే సెన్సర్ మొత్తం మీద పడే వెలుతురు దాదాపు 14 రెట్లు! ఇందాక మనం చూసిన కనురెప్పల తేడా ఇదే. మెగాపిక్సెల్స్ స్టిక్కర్‌లో ఈ 14 ఎక్కడా కనపడదు.

అలాగని రెండో కెమెరా చెత్త అని నేను అనట్లేదు. పగటిపూట చెట్టు చివర పిట్టను తీయాలంటే జీ7 ఎక్స్ దేనికీ పనికిరాదు, అక్కడ 40ఎక్స్ జూమే కావాలి. మీరు తీసేది పిట్టలా, పిల్లలా? అది తేల్చుకుని షాపుకి వెళ్లండి.

తూము చూశాం, ఇక షటర్ స్పీడ్. తూము ఎంతసేపు ఎత్తి ఉంచారన్నది షటర్. ఎక్కువసేపు ఎత్తితే నీళ్లు బాగానే వస్తాయి, కానీ ఈలోగా మనిషి కదిలిపోతాడు. కుదురుగా కూర్చున్నవాళ్లకు 1/60 సెకను చాలు. పరిగెత్తే పిల్లలకు కనీసం 1/250 కావాలి, ఇంకా పైన ఉంటే మంచిది.

తూము పూర్తిగా ఎత్తేశారు, టైమ్ పెంచడానికి లేదు, అయినా వెలుతురు చాల్లేదు. అప్పుడు కెమెరా ఐఎస్ఓ పెంచుతుంది, సెన్సర్ మీద పడినదాన్ని పెద్దది చేసి చూపించే సెట్టింగ్ అది. దీని గురించి చాలామంది తప్పుగా అనుకుంటారు. ఐఎస్ఓని ఎనిమిదింతలు పెంచినా పొలానికి కొత్తగా ఒక్క చుక్క కూడా రాదు. పండిన కొద్దిపాటి రాశినే ఎనిమిదింతలు చేసి చూపిస్తుంది. రాశిలో గింజలతో పాటు తాలు కూడా ఉంటుంది కదా, అదీ ఎనిమిదింతలవుతుంది. ఆ తాలే మీ ఫొటోలో నల్లటి చోట్ల రవ్వలు రవ్వలుగా కనిపించే నాయిస్. కెమెరా దాన్ని ఊరికే వదలదు, చెరగడం మొదలుపెడుతుంది. తాలుతో పాటు గింజలూ ఎగిరిపోతాయి. జుట్టు ముద్ద అయ్యేది అక్కడే! నన్నడిగితే కొంచెం నాయిస్ ఉన్న ఫొటోనే నయం. మెనూలో నాయిస్ రిడక్షన్ అని ఉంటుంది, తగ్గించి పెట్టుకోండి.

డిజిటల్ జూమ్? ఆపేయండి. పొలంలో ఒక మూల కోసిన పంటను పొలం మొత్తం పంటగా లెక్క రాయడం అది. 20 మెగాపిక్సెల్స్‌లో రెండు రెట్లు డిజిటల్ జూమ్ చేస్తే మిగిలేది 5. నాలుగు రెట్లు చేస్తే 1.25. తర్వాత ఇంటికొచ్చి ఫొటో అంచులు మీరే కత్తిరించుకోవచ్చు, అదే పని.

[ఇప్పటికే చాలా సేపయింది. ఇక్కడి నుంచి వేగంగా.]

"ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకు?" అనేవాళ్లు ఉన్నారు. ఫోన్ ఒక్క నొక్కుకి వరసగా చాలా ఫొటోలు తీసి కలుపుతుంది. కుదురుగా ఉన్న దృశ్యానికి ఆ పద్ధతి అద్భుతం, చిన్న కెమెరాలు చాలావాటికి అది చేతకాదు. కాంపాక్ట్ కెమెరా దగ్గర ఉన్నవి వేరు: నిజమైన జూమ్, నిజమైన ఫ్లాష్, నిజమైన బటన్.

ఫ్లాష్ సంగతి ఎవరూ చెప్పరు, నేను చెప్తా. చాలా కాంపాక్ట్ కెమెరాల్లో ఉండేది జెనాన్ ఫ్లాష్, జెనాన్ గ్యాస్ నింపిన చిన్న గొట్టం. అది వెలిగేది సెకనులో వెయ్యో వంతు, ఒక్కోసారి ఇంకా తక్కువ. చీకట్లో గెంతుతున్న పిల్లాడిని గాల్లోనే ఆపేస్తుంది. ఫోన్‌లో ఉండే ఎల్ఈడీ ఫొటో తీసినంతసేపూ వెలుగుతూనే ఉంటుంది, అది టార్చి లైటు. పగటిపూట ఎండకు వీపు పెట్టి నిలబడ్డవాళ్ల ముఖం నల్లగా వస్తోందా, అప్పుడు కూడా ఫ్లాష్ వేయండి. పగలు ఫ్లాష్ ఏంటని నవ్వేవాళ్లను నవ్వనివ్వండి.

[కెమెరా పైభాగం. చూపుడువేలు షటర్ బటన్ మీద.]

బటన్ ఇలా సగం నొక్కండి. వేలు కింద చిన్న అడ్డు తగులుతుంది, అక్కడ ఆగండి. బీప్ అంటుంది, ఆకుపచ్చ గడి వస్తుంది. ఫోకస్ అక్కడ కట్టేసినట్టే. ఇప్పుడు వేలు తీయకుండా, వాళ్లు నవ్వేదాకా ఆగి పూర్తిగా నొక్కండి. "నా కెమెరా స్లో" అనేవాళ్లలో చాలామంది బటన్‌ని ఒకేసారి గట్టిగా పొడిచేవాళ్లే. ఫోకస్ వెతుక్కునే టైమ్ కూడా అందులోనే కలిసిపోతుంది, ఈలోపు నవ్వు అయిపోతుంది.

స్టెబిలైజేషన్: వణికే మీ చేతిని ఆపుతుంది, పరిగెత్తే పిల్లాడిని ఆపలేదు. అంతే. తర్వాతది.

ప్లస్, మైనస్ గుర్తున్న బటన్: దీన్ని వాడనివాళ్లే ఎక్కువ. కెమెరా దేన్ని చూసినా నడిమి రకం బూడిద రంగే అనుకుని వెలుతురు కొలుస్తుంది. తెల్ల గోడ ముందు తెల్లచొక్కా మనిషిని నిలబెడితే ఫొటో మబ్బు పట్టినట్టు వస్తుంది. ప్లస్ 1 పెట్టండి, వెలుతురు రెట్టింపు అవుతుంది, తెలుపు తెలుపులా వస్తుంది. నల్లటి వాటికి మైనస్. పని అయ్యాక మళ్లీ సున్నాకి తిప్పండి, లేకపోతే మిగతా ఫొటోలన్నీ పోతాయి.

బ్యాటరీ: ఈ సైజు కెమెరాల్లో చాలావాటికి ఒక ఛార్జింగ్‌కి 200 నుంచి 300 ఫొటోలు. బయటికెళ్లేటప్పుడు రెండో బ్యాటరీ జేబులో వేసుకోండి.

రా (RAW) ఫైల్స్, అంటే కెమెరా చెరగకుండా సెన్సర్ ఇచ్చింది ఇచ్చినట్టే దాచే ఫైల్స్, వాటి గురించి అడుగుతారని తెలుసు. అది రెండు నిమిషాల్లో తేలేది కాదు, వచ్చే వీడియోలో. ఈలోపు మీ దగ్గరున్న కెమెరాని ముందుకు తిప్పి, లెన్స్ మీద ఏ అంకెలున్నాయో కింద రాయండి. ఏ వెలుతురులో దేనికి పనికొస్తుందో నేను చెప్తాను. మెగాపిక్సెల్స్ మాత్రం రాయకండి.