లో కార్బ్‌ తింటే నెయ్యి, నూనె ఎంత? కూరల పోసిందీ లెక్కకే వస్తది

[తెర మీద: స్టీలు గిన్నెల నెయ్యి, పక్కన పెద్ద చెంచా]

లో కార్బ్ అంటే అన్నం, రొట్టె లాంటి పిండిపదార్థాలు తగ్గించి తినుడు. అన్నం తగ్గించినం కద, నెయ్యి ఎంత పోసుకున్నా నడుస్తది అనుకుంటున్నరా? నడవది. పిండిపదార్థం గ్రాముకు 4 కేలరీలు, ప్రొటీన్ గ్రాముకు 4, కొవ్వు గ్రాముకు 9. చెయ్యి జారితే లెక్క తప్పేది నెయ్యి దగ్గర్నే.

షుగర్‌కు ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి గోలీలు గానీ వాడేటోళ్లు ముందు డాక్టర్‌ను కలవాలె. మందు డోసు మార్చకుంట అన్నం తగ్గిస్తే షుగర్ ఒక్కసారి పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ తోటైతే కీటోఅసిడోసిస్, అంటే రక్తంల ఆమ్లం పెరిగి ప్రాణం మీదికొచ్చే భయం ఉంటది. పిత్తాశయంల రాళ్లున్నోళ్లు, గర్భిణులు కూడా సొంతంగ మొదలుపెట్టొద్దు.

[తెర మీద: పలక మీద లెక్క]

70 కిలోల మనిషి బరువు తగ్గేందుకు రోజుకు 1,500 కేలరీలు పెట్టుకున్నడు అనుకుందాం. ముందు ప్రొటీన్ 90 గ్రాములు, అంటే 360 కేలరీలు. పిండిపదార్థాలు 50 గ్రాములు, 200 కేలరీలు. మిగిలిన 940ని 9తోటి భాగిస్తే కొవ్వు సుమారు 104 గ్రాములు.

ఇదంతా పైనుంచి పోసుకునే నెయ్యి కాదు. తిండిలనే చానా ఉంటది. 3 కోడిగుడ్లల 15 గ్రాములు, తోలు తీసిన చికెన్ పావుకిలోల సుమారు 10, పిడికెడు పల్లీలు, అంటే 40 గ్రాములల 20, పనీర్ 50 గ్రాములల 10, ఒక కప్పు పెరుగుల 8. అన్నీ కలిపి 63. ప్రొటీన్ కూడా వీటితోనే తీరుతది. ఇంక మిగిలింది 41.

ఇప్పుడు కూర నూనె చూడుండ్రి. దీన్ని చానామంది మర్చిపోతరు. నలుగురున్న ఇంట్ల నెలకు 3 లీటర్ల పల్లినూనె అయిపోతే, మనిషికి రోజుకు సుమారు 23 గ్రాములు పడ్డట్టే. అది తీసేస్తే మిగిలేది 18. పెద్ద చెంచా నెయ్యి ఒక్కటి 14 గ్రాములు. అంతే!

[తెర మీద: పెనం మీద జొన్నరొట్టె]

జొన్నరొట్టె మంచి తిండే, కానీ 50 గ్రాముల పిండి రొట్టెల 35 గ్రాముల దాక పిండిపదార్థమే ఉంటది. రెండు తిన్నరంటే 50 దాటిపోయింది. ఆ పైన నెయ్యి పూస్తే అది లో కార్బ్ కాదు, రెండూ ఎక్కువైన భోజనం.

పొద్దుగూకంగ మిర్చి బజ్జీ బండి దిక్కు మనసు గుంజుతుందా? మధ్యాహ్నం ప్రొటీన్ సరిపోలేదేమో ముందు చూడుండ్రి. అది సరిపోయినా ఆకలైతుంటే ఒక చిన్న చెంచా కొవ్వు పెంచుకోవచ్చు. కడుపు జారుతున్నదంటే ఒక్క పూటనే మొత్తం పోసుకుంటున్నరు, మూడు పూటలకు పంచుండ్రి. మొదటి వారం తలనొప్పి వస్తే చానామందికి కొవ్వు తక్కువై కాదు. నీళ్లతోటి ఉప్పు కూడా ఒంట్లకెల్లి పోతది. బీపీ, కిడ్నీ ఇబ్బంది లేనోళ్లు సల్లల ఇంత ఉప్పేసుకొని తాగుండ్రి.

మొదలుపెట్టే ముందు ఒకసారి, 3 నెలలకు ఇంకోసారి లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంల కొవ్వుల పరీక్ష చేయించుండ్రి. ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్ బాగ పెరిగితే నెయ్యి, వెన్న తగ్గించి పల్లీలు, నువ్వులు, చేపల దిక్కు మళ్లాలె.

తూకం వారానికొకసారి, పరిగడుపున. మొదటి వారం తగ్గేది ఎక్కువ నీళ్లే, దాన్ని లెక్కపెట్టొద్దు. తర్వాత 3 వారాలు ముల్లు కదలకపోతే ఆ పెద్ద చెంచా నెయ్యి తీసేయుండ్రి, గుడ్లు మాత్రం తీయకండి.