తొందర లేని ఒక గంట

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఎవరైనా చేబదులు అడిగితే నాలుగుసార్లు ఆలోచిస్తాం. ఇచ్చాక తిరిగొచ్చేదాకా గుర్తుపెట్టుకుంటాం. అదే ఒక పూటంతా ఫోను చూస్తూ గడిపేస్తే, ఏదో పోగొట్టుకున్నామని కూడా తోచదు. పోయిన డబ్బు మళ్లీ సంపాదించుకున్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు. నిన్నటి సాయంత్రాన్ని ఎవరూ తెచ్చుకోలేరు. సమయం అంత విలువైనది కాబట్టే దాన్ని పదిమందికీ ధారాళంగా ఇవ్వమని అడగడానికి ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

ఇవ్వడానికి అడ్డుపడేది స్వార్థమే అనుకుంటాం. నాకు మాత్రం తొందరే పెద్ద అడ్డంకి అనిపిస్తుంది. జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో చేసిన ఒక ప్రయోగం 1973లో అచ్చయింది. మతబోధకులు కావడానికి చదువుకుంటున్న విద్యార్థులను ఒక్కొక్కరినే పక్క భవనానికి వెళ్లి చిన్న ప్రసంగం చెయ్యమన్నారు. దారిలో ఒక మనిషి తల వాల్చేసి, దగ్గుతూ, మూలుగుతూ కూలబడి ఉంటాడు. అతన్ని అక్కడ ఉంచింది ప్రయోగం చేసేవాళ్లే. ‘ఇంకా టైముంది, నెమ్మదిగా వెళ్లండి’ అన్నట్టు పంపినవాళ్లలో 63 శాతం మంది అతనికి ఏదో ఒక సాయం చేశారు. ‘ఇప్పటికే ఆలస్యమైంది’ అని పరుగెత్తించినవాళ్లలో సాయం చేసింది 10 శాతం మందే. వాళ్లలో కొందరు ప్రసంగించబోయే విషయం ఏమిటో తెలుసా? దారిలో గాయాలతో పడి ఉన్న పరాయివాణ్ణి ఆదుకున్న సమరయుడి గురించి బైబిల్లో ఉన్న కథ! ఆ కథను మనసులో నెమరేసుకుంటూనే పడిపోయిన మనిషిని దాటి వెళ్లిపోయారు. మంచితనం లేక కాదు, తీరిక లేక.

మరి ఇస్తే ఏమవుతుంది? 1953లో లండన్‌లో చాద్ వారా అనే క్రైస్తవ మతగురువు, చనిపోవాలన్న ఆలోచనతో నలిగిపోయేవాళ్లకు సలహా ఇవ్వడానికి కూర్చున్నాడు. వచ్చేవాళ్లు పెరిగారు. ఆయన కోసం ఎదురుచూసేవాళ్లకు టీ ఇచ్చి పలకరించడానికి కొందరు మామూలు మనుషులు స్వచ్ఛందంగా చేరారు. కొన్నాళ్లకు ఆయన ఒక సంగతి గమనించాడు. వాళ్లతో మనసు విప్పి మాట్లాడుకున్న చాలామందికి ఇక తనను కలవాల్సిన అవసరమే ఉండటం లేదు. 1954లో ఆ వినే పనిని వాళ్లకే అప్పగించేశాడు. అలాంటివాళ్ల మాట వినే సమారిటన్స్ అనే సంస్థ అలా నిలదొక్కుకుంది. అక్కడ చేరినవాళ్లు ఇచ్చింది కాసేపు కూర్చోవడం, చెప్పింది వినడం. అంతే.

డబ్బు సాయాన్ని నేను చిన్నచూపు చూడటం లేదు. ఆకలితో ఉన్నవాడికి ముందు అన్నం కావాలి. రెండు చోట్ల పనిచేస్తే తప్ప ఇల్లు గడవనివాళ్లను ఇంకా సమయం ఇవ్వమని అడిగే హక్కు కూడా నాకు లేదు. నేను అడుగుతున్నది ‘దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు’ అన్నట్టు రోజులు దొర్లించేస్తున్న మనల్ని.

మనిషి పోయిన ఇంటికి మొదటి రోజు అందరం వెళ్తాం. నెల తిరిగేసరికి ఆ గుమ్మం తొక్కేవాళ్లు ఉండరు. అప్పుడు వెళ్లండి. ఆఖరి రోజుల సంగతే మళ్లీ మొదటి నుంచి చెప్తారు. డాక్టరు ఏమన్నాడు, ఆ రాత్రి మంచినీళ్లు ఎవరు పట్టారు, చివరికి ఏం మాట్లాడాడు... మీరు అంతకుముందే విన్నదే అయినా ‘తెలుసు’ అనకండి. మధ్యలో మాట ఆగిపోతే ఆగనివ్వండి. ఓదార్పు మాటలు వెతుక్కోవద్దు. గడియారం వైపు చూడకండి, ఎందుకంటే ఆ ఒక్క చూపు వాళ్ల కంట పడిందంటే చెప్పేది సగంలో మింగేసి ‘మీకు ఆలస్యమవుతోందేమో’ అంటారు.

అందుకే ఈ వారంలో అలాంటి ఒక్కరి దగ్గరికి వెళ్లండి. ‘పనేమీ లేదు, ఊరికే కూర్చుందామని వస్తున్నా’ అని ముందే చెప్పండి. ఆ తర్వాత ఆ పూటకు ఇంకే పనీ పెట్టుకోకండి.