సున్నా చుడితే తప్పా, ఒప్పా?

శ్రోతలకు నమస్కారం. గ్రాఫిక్ డిజైన్ గురించి రేడియోలో మాట్లాడమంటే మొదట నాకు నవ్వొచ్చింది. చూపించడమే మా పని. ఇక్కడేమో చూపించడానికి ఏమీ లేదు. కాబట్టి మీరే చిన్న సాయం చేయాలి. నేను చెప్పే బొమ్మల్ని మీ అరచేతి మీద వేలితో గీసుకుంటూ వినండి.

ముందు ఒక సున్నా చుట్టండి. పక్కనే ఇంటూ గుర్తు పెట్టండి. ఈ రెండింటిలో ‘సరే’ ఏది, ‘వద్దు’ ఏది?

పేపరు దిద్దిన మాస్టారు సున్నా చుట్టారంటే మనకు గుండె జారిపోతుంది. జపాన్ పిల్లవాడైతే అదే సున్నా చూసి ఎగిరి గంతేస్తాడు. వాళ్లకు సున్నా అంటే ఒప్పు, ఇంటూ అంటే తప్పు. 1994లో సోనీ సంస్థ ప్లేస్టేషన్ అనే వీడియో గేమ్ యంత్రాన్ని జపాన్‌లో విడుదల చేసింది. దాన్ని డిజైన్ చేసిన తేయూ గోతో, మీటల మీద సున్నానూ ఇంటూనూ ఈ అర్థంతోనే పెట్టారు. సున్నా నొక్కితే సరే, ఇంటూ నొక్కితే వద్దు. అదే యంత్రం అమెరికా, ఐరోపా చేరేసరికి లెక్క తిరగబడింది. అక్కడి ఆటల్లో చాలావాటికి ఇంటూ నొక్కితేనే ‘సరే’. మీటలు అవే, గుర్తులూ అవే, అర్థాలు మాత్రం తారుమారు. పాతికేళ్లకు పైగా ఇలాగే నడిచింది. చివరికి 2020లో ప్లేస్టేషన్ 5 వచ్చినప్పుడు, ప్రపంచమంతటా ఇంటూనే ‘సరే’ అని సోనీ తేల్చేసింది. జపాన్ వాళ్లు చిన్నప్పటి నుంచీ ఉన్న వేలి అలవాటును మార్చుకోవాల్సి వచ్చింది. అందరికీ ఒకటే లెక్క ఉంటే తయారుచేసేవాళ్లకు సుఖమే, కాదనను. కానీ గుర్తు పుట్టిన చోటే దాని అర్థం చెల్లకుండా పోవడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

వేరే సంస్కృతి వాళ్ల కోసం పని అనగానే మాలో చాలామంది రంగుల పట్టిక తీస్తారు. తెలుపు ఫలానా చోట శోకం, ఎరుపు ఫలానా చోట శుభం అని రాసి ఉంటుంది అందులో. నాకు ఆ పట్టికల మీద పెద్దగా నమ్మకం లేదు. చైనాలో పెళ్లికీ పండక్కీ ఎరుపే, నిజమే. అదే చైనాలో రోడ్డు మీద ఎర్ర లైటు పడితే బండి ఆపాలి. షేర్ మార్కెట్ తెర మీద ఎరుపు కనిపిస్తే ధర పెరిగిందని అర్థం. న్యూయార్క్‌లో కూర్చున్నవాడికి ఆ ఎరుపే నష్టం. ఒక్క దేశంలో ఒక్క రంగే ఇన్ని మాటలు చెబుతుంటే, పట్టికలో ఒక్క లైను చదివి లోగోకు రంగు ఎలా వేస్తాం?

రంగు కంటే ఎక్కువగా మమ్మల్ని ఏడిపించేది లిపి. నా తొలి రోజుల్లో ఒక బ్రోషర్ అరబ్బీలో కూడా కావాలన్నారు. అనువాదం తెప్పించాను, కాపీ చేసి లేఅవుట్‌లో పెట్టాను. నా కంటికి ముచ్చటగా ఉంది. అదృష్టం బాగుండి, ప్రింటింగ్‌కు ఇచ్చే ముందు ప్రూఫ్‌ను అరబ్బీ చదవగలిగిన ఒకాయనకు చూపించాను. ఆయన కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, “ఇది ఏ భాషండీ?” అన్నారు. అరబ్బీలో అక్షరాలు ఒకదానితో ఒకటి చేతులు పట్టుకుని నడుస్తాయి. ఒకే అక్షరం మాట మొదట్లో ఒక రూపంలో, మధ్యలో ఇంకో రూపంలో, చివర మరో రూపంలో ఉంటుంది. నా పాత సాఫ్ట్‌వేర్‌కు ఆ సంగతి తెలియదు. అక్షరాలన్నింటినీ విడదీసి, పైగా ఎడమ నుంచి కుడికి పేర్చింది. చదవలేని లిపిలో తప్పు కూడా అందంగానే కనిపిస్తుంది! ఆ రోజు నుంచి, ఆ భాష చదివే మనిషి చూడకుండా నేను ఏ పనీ ఫైనల్ చేయను.

అరబ్బీ, హీబ్రూ, ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తాయి కాబట్టి పేజీ మొత్తాన్ని అద్దంలో చూసినట్టు తిప్పేస్తే సరిపోతుంది అనుకుంటారు. అక్కడే ఉంది తిరకాసు. ‘తర్వాతి పేజీ’ అని చెప్పే బాణాన్ని తిప్పాలి. గడియారం బొమ్మను తిప్పకూడదు, ముళ్లు ఏ దేశంలోనైనా ఒకే వైపు తిరుగుతాయి. పాట మొదలుపెట్టే త్రికోణం మీట ఉంది చూశారా, దాన్నీ తిప్పరు. అది టేపు కదిలే దిక్కు, చదివే దిక్కు కాదు. అరబ్బీ వాక్యం మధ్యలో ఫోన్ నంబరు వస్తే దాన్ని ఎడమ నుంచి కుడికే చదవాలి. ఇలా ఒక్కో బొమ్మనూ పట్టుకుని ‘నువ్వు ఎటు?’ అని అడుగుతూ కూర్చోవాలి.

అంత దూరం ఎందుకు, మన తెలుగునే చూడండి. పైన గుడి ఉంటుంది, కింద ఒత్తు వేలాడుతుంది. ఇంగ్లీషుకు సరిపోయే ఖాళీనే లైన్ల మధ్య ఉంచితే, పై లైను ఒత్తు కింది లైను గుడిని వెళ్లి గుద్దుకుంటుంది. దానికి విరుగుడుగా అక్షరం సైజు తగ్గించేస్తారు. తెలుగు చదవడం కష్టమనే పేరు మాత్రం తెలుగుకే వస్తుంది.

ఇంతవరకూ చెప్పినవి దిద్దుకోగలిగిన తప్పులు. ఇంకో రకం ఉంది. ఈసారి ఒక చిన్న వృత్తం గీయండి. దానికి పైన నాలుగు గీతలు, కింద నాలుగు, అటు నాలుగు, ఇటు నాలుగు. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్ర జెండా మీద ఉన్నది ఈ సూర్యుడే. పసుపు మీద ఎరుపు. 1925లో ఆ జెండా వచ్చింది. 2001లో జెండాలను అధ్యయనం చేసే ఒక సంఘం అమెరికా, కెనడాల్లోని రాష్ట్రాలు, ప్రాంతాల జెండాల మీద సర్వే జరిపితే దీనికే మొదటి స్థానం దక్కింది. డిజైనర్‌గా నేనూ ఒప్పుకుంటాను, ఒక్క గీత ఎక్కువ లేదు, ఒక్క గీత తక్కువ లేదు. కానీ ఆ సూర్యుడు జియా అనే ఆదివాసుల పవిత్ర చిహ్నం. నాలుగు దిక్కులు, నాలుగు రుతువులు, రోజులో నాలుగు వేళలు, మనిషి బతుకులో నాలుగు దశలు, అన్నీ ఆ గీతల్లో ఉన్నాయి వాళ్లకు. జెండా గీసినాయన దాన్ని వాళ్ల కుండ మీది బొమ్మలోంచి తీసుకున్నారు. వాళ్లను ఎవరూ అడగలేదు. జెండా మీదికి ఎక్కాక ఇక అడ్డేముంది, వ్యాపార ప్రకటనల్లోకీ పాకింది. 1990ల్లో జియా ప్రజలు రాష్ట్రాన్ని పరిహారం అడిగారు. ఆ తర్వాత కొన్ని సంస్థలు వాళ్ల అనుమతి తీసుకోవడం, వాళ్ల పిల్లల చదువుకు విరాళం ఇవ్వడం మొదలుపెట్టాయి. అన్నీ కాదు, కొన్ని.

మరి ఎవరిదీ కాని గుర్తు గీయగలమా? ఒకసారి ఆ ప్రయత్నమూ జరిగింది. 1864లో జెనీవా ఒప్పందంతో రెడ్ క్రాస్ గుర్తు వచ్చింది. స్విట్జర్లాండ్ జెండా రంగుల్ని అటూ ఇటూ మారిస్తే వచ్చేదే అది, మతం ఊసు లేదు. కానీ గీసినవాడి మనసులో ఏముందో చూసేవాడికి ఎలా తెలుస్తుంది? 1876లో ఒట్టోమన్ సామ్రాజ్యం, మా సైనికులకు శిలువ గిట్టదు, మేము ఎర్ర నెలవంక వాడతాం అంది. 1929లో నెలవంకకూ, ఇరాన్ అప్పట్లో వాడిన సింహం-సూర్యుడి గుర్తుకూ గుర్తింపు ఇవ్వాల్సి వచ్చింది. ఇలా ఎవరి గుర్తు వాళ్లు పెట్టుకుంటూ పోతే కుదరదు. యుద్ధంలో ఆసుపత్రి పైకప్పు మీద ఆ గుర్తు ఉంటే ‘ఇక్కడ కాల్చొద్దు’ అని అర్థం. విమానంలోంచి చూసేవాడికి అది క్షణంలో తెలియాలి.

అందుకని 2005 డిసెంబరులో మరో గుర్తును ఆమోదించారు. దాని పేరు రెడ్ క్రిస్టల్. చతురస్రాన్ని మూల మీద నిలబెట్టండి. మందమైన ఎర్ర అంచు, లోపల తెలుపు. మతం, జాతి, రాజకీయం ఏదీ స్ఫురించకూడదన్నది షరతు. నక్షత్రం, చంద్రుడు, సూర్యుడు, త్రికోణం, దేనికి చూసినా ఎవరో ఒకరు వారసులున్నారు. తిప్పి తిప్పి ఈ ఆకారం దగ్గర ఆగారు. నిజం చెప్పాలంటే, నాకు చూడగానే పేకముక్కల్లో డైమన్ గుర్తొచ్చింది. చాలా దేశాల్లోని సహాయ సంఘాలు ఇప్పటికీ శిలువనో నెలవంకనో వదల్లేదు.

అయితే ఆ మధ్యలో తెల్లటి ఖాళీ ఉంది కదా, దాంట్లో ఒక దేశపు సంఘం తన సొంత గుర్తు పెట్టుకోవచ్చని నియమం రాశారు. ఆరు కోణాల ఎర్ర నక్షత్రం వాడే ఇజ్రాయెల్ సహాయ సంస్థకు అంతర్జాతీయ రెడ్ క్రాస్ సమాఖ్యలో దశాబ్దాలుగా సభ్యత్వం దొరకలేదు. 2006లో దొరికింది. విదేశాల్లో పనిచేసేటప్పుడు వాళ్లు తమ నక్షత్రాన్ని ఆ ఖాళీలో పెట్టుకుంటారు.

నమస్కారం.