ఫ్యాన్డ్ ఫ్రెట్ బేస్ ఎవరికి కావాలి?

అందరికీ నమస్కారం. ఆదివారం కూడా సిల్క్ బోర్డు ట్రాఫిక్‌ను దాటుకుని వచ్చారు, థ్యాంక్స్.

స్టాండ్ మీద రెండు బేస్ గిటార్లున్నాయి, రెండూ అయిదు తీగలవే. ఎడమవైపు దానికి ఫ్రెట్లన్నీ, అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలన్నీ, సమాంతరంగా ఉన్నాయి. కుడివైపుది ఫ్యాన్డ్ ఫ్రెట్, మల్టీస్కేల్ అని కూడా అంటారు. దాని ఫ్రెట్లు విసనకర్ర పుల్లల్లా విచ్చుకుని ఉంటాయి. బెంగళూరులో మన తెలుగు కుర్రాళ్ళు ఎదురైతే అడిగేది ఒకటే: "అన్నా, ఏది కొనమంటావ్?" నా జవాబు ముందే చెప్పేస్తాను. కింది బి తీగతో, అంటే అయిదింటిలో అన్నిటికన్నా మంద్రంగా మోగే దానితో, మీకు పెద్దగా పని లేకపోతే ఫ్యాన్డ్ ఫ్రెట్ కోసం అదనంగా డబ్బు పెట్టకండి.

1951లో అమెరికా గిటార్ తయారీదారు లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు స్కేల్, అంటే తీగ మోగే పొడవు, 34 అంగుళాలు పెట్టాడు. నాలుగు తీగలకి అది బాగా కుదిరింది. అన్నిటికన్నా కిందిదైన ఇ తీగ 41 హెర్ట్జ్. తర్వాత దానికింద బి చేరింది, 31 హెర్ట్జ్‌కి కాస్త తక్కువ. అదే 34 అంగుళాల మీద మామూలు సెట్లో ఇ తీగ బిగువు సుమారు 40 పౌండ్లుంటే, బి దగ్గర 34 పౌండ్లే. అందుకే అది వేలికింద వదులుగా ఊగుతుంది.

అదే తీగని, అదే శ్రుతిలో, 37 అంగుళాలకి సాగదీస్తే బిగువు దాదాపు 18 శాతం పెరుగుతుంది. బి కూడా ఇ సరసన చేరుతుంది. మరి లావు తీగ వేసుకుంటే సరిపోదా? బిగువు పెరిగే మాట నిజమే. కానీ లావుతోపాటు తీగ బిరుసుదనం ఇంకా వేగంగా పెరుగుతుంది. బిరుసెక్కిన తీగలో హార్మోనిక్స్, అంటే అసలు స్వరం పైన కలిసి మోగే స్వరాలు, ఉండాల్సిన చోటు కంటే పైకి జరుగుతాయి, స్వరం బురదగా వినిపిస్తుంది. గ్రాండ్ పియానోలో మంద్ర తీగలు అంత పొడవుండటానికి ఒక కారణం ఇదే.

ఇంకో సంగతి. మన రికార్డింగులు చాలామంది వినేది ఫోన్లో. ఆ బుల్లి స్పీకర్ 31 హెర్ట్జ్ ఇవ్వనే ఇవ్వదు. దాని పైన వచ్చే హార్మోనిక్స్ విని, కింది స్వరాన్ని మెదడే పూరించుకుంటుంది. కాబట్టి పొడవు తీగ ఇచ్చే లాభం గుండెలదిరే బేస్ కాదు, ఏ స్వరం వాయించామో స్పష్టంగా తెలియడం.

అన్ని తీగలూ 37 అంగుళాలు పెడితే అన్నిటికన్నా సన్నని జి తీగ మరీ బిగుసుకుపోతుంది. గమకం కోసం లాగబోతే వేళ్ళకి శిక్షే. అందుకే ఈ ఫ్యాన్డ్ ఫ్రెట్‌లో జి 34, బి 37; ఒక్కో తీగ పొడవు వేరు కాబట్టే ఫ్రెట్లు ఏటవాలుగా పడతాయి. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 16వ శతాబ్దంలోనే బండోరా, ఆర్ఫారియన్ వంటి యూరప్ వాద్యాల్లో ఏటవాలు ఫ్రెట్లుండేవి. 1989లో గిటార్లు తయారుచేసే రాల్ఫ్ నోవాక్‌కి దీని మీద అమెరికాలో పేటెంట్ వచ్చింది, కెనడాకి చెందిన డింగ్వాల్ కంపెనీ దాన్ని బేస్‌లో బాగా పాపులర్ చేసింది.

ఏటవాలుగా ఉంటే శ్రుతి బాగా నిలుస్తుందని కొందరంటారు. ఆ వాలుకీ శ్రుతికీ సంబంధం లేదు. ఏ తీగ మీదైనా ఫ్రెట్ల లెక్క అదే నిష్పత్తి.

ఇక వాయించడం. చూస్తే భయమేస్తుంది గానీ, కళ్ళు త్వరగానే అలవాటు పడతాయి. మెడ మధ్యలో అయితే చెయ్యి తనంతట తానే ఆ కోణంలో పడుతుంది. ఇబ్బందంతా నట్ దగ్గర, అంటే మెడ చివర తీగలు ఆనే పట్టీ దగ్గర. బి తీగ మీద మొదటి ఫ్రెట్ దూరం 34 అంగుళాల స్కేల్లో 48.5 మిల్లీమీటర్లు, 37లో 52.7. నాలుగు మిల్లీమీటర్లేగా అనిపిస్తుంది. మన వీకెండ్ షోల్లో సింగర్ స్టేజీ మీదే "అర శ్రుతి పెంచండి" అంటాడు చూడండి, ఇ లో ఉన్న పాట ఎఫ్‌లోకి వస్తుంది, రాత్రంతా మొదటి ఫ్రెట్ దగ్గరే కాపురం. అప్పుడు తెలుస్తుంది, ముఖ్యంగా చిన్న చేతులున్నవాళ్ళకి. నాలుగు తీగల మీద సినిమా పాటలు వాయించేవాళ్ళు మామూలు బేస్‌తో హాయిగా ఉండొచ్చు. శ్రుతి దించి మెటల్ వాయించే బ్యాండ్లకి మాత్రం నేను కళ్ళు మూసుకుని ఫ్యాన్డ్ ఫ్రెట్టే చెప్తాను.

అందరూ 37 దాకా వెళ్ళక్కర్లేదు. ఐబనీజ్ కంపెనీలో 34 నుంచి 35.5 అంగుళాల మోడల్ ఉంది. బిగువు లాభం తక్కువ, చేతికి సుఖం ఎక్కువ. కొత్తవాళ్ళకి నేను చెప్పేది ఇలాంటిదే.

కొనేముందు తీగల సంగతి చూసుకోండి. 34 అంగుళాల కోసం చేసిన మామూలు లాంగ్ స్కేల్ సెట్‌లో బి తీగ 37 అంగుళాల బేస్‌కి చాలకపోవచ్చు. లావు భాగం నట్ దాటక, సన్నబడే చోటు నట్ మీద పడుతుంది. పెద్ద స్కేల్‌కి చేసిన సెట్లు మన షాపుల్లో అడగ్గానే దొరకవు, ఒక సెట్ ఎక్స్‌ట్రా తెప్పించి పెట్టుకోండి. తీగల కదలికని పట్టుకునే పికప్‌లు కూడా ఏటవాలుగా ఉంటాయి కాబట్టి మార్చుకోవాలంటే సరిపోయేవి వెతుక్కోవాలి.

ఇప్పుడు ఒకే ఆంప్‌లో, టోన్ కంట్రోల్స్ ముట్టుకోకుండా, రెండింటి మీదా బి తీగ మీటుతాను. వెనకవాళ్ళు ఒక్క నిమిషం ఆ ఫ్యాన్ ఆపండి.