సీతాకోకచిలుక కన్ను షార్ప్‌గా రావాలంటే: మాక్రో ఫొటోలు

హాయ్ అండి. చూస్తున్నారుగా, గడ్డి మీద మంచు కూడా ఆరలేదు. సెలవు రోజు ఇంత పొద్దున్నే ఎందుకు లేచొచ్చానంటే, సీతాకోకచిలుకలకి ఒళ్లు వెచ్చబడితేగానీ సరిగ్గా ఎగరలేవు, అందుకని ఎండ తగిలేచోట రెక్కలు విప్పుకుని కదలకుండా కూర్చుంటాయి. అదే మనకి కావాల్సిన టైం. ఎండెక్కాక వస్తే వాటి వెనక పరిగెత్తడమే సరిపోతుంది.

సెట్టింగ్స్ గబగబా చెప్పేస్తా. 100 ఎంఎం మాక్రో లెన్స్, అంటే చిన్నవాటిని బాగా దగ్గర్నుంచి పెద్దగా తీసేది. మాన్యువల్ మోడ్. ఎపర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్ 8; ఈ అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. షట్టర్ 1/250 సెకను, ఐఎస్‌ఓ, అంటే వెలుగుకి కెమెరా సెన్సిటివిటీ, ఆటో. బర్స్ట్ ఆన్, అంటే బటన్ నొక్కి పట్టుకుంటే వరసగా ఫొటోలు పడతాయి. స్క్రీన్ మీద ఉన్నాయి, పాజ్ చేసి చూసుకోండి. మాక్రో లెన్స్ లేకపోతే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు చాలు. లోపల గ్లాసేమీ ఉండదు, ఉత్త గొట్టం, లెన్స్‌ని సెన్సర్‌కి, అంటే కెమెరాలో ఫొటో పడే చిప్‌కి, కాస్త దూరం జరుపుతుంది అంతే. నేను చాలాకాలం వాటితోనే లాగించాను. కాకపోతే ఎలక్ట్రానిక్ కాంటాక్టులు ఉన్నవే తీసుకోండి, లేకపోతే చాలా లెన్సుల్లో ఎపర్చర్ మార్చడం కుదరదు.

సరే, ఇప్పుడు ఫోకస్. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే నేను బోల్తా పడింది ఇక్కడే. మొదటిసారి రెండొందల ఫొటోలు తీశాను, కెమెరా వెనక బుల్లి స్క్రీన్‌లో అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. ఇంటికెళ్లి పెద్ద స్క్రీన్‌లో చూస్తే, ఇదిగో ఇలా, మీసం కొస మాత్రం షార్ప్, కన్ను మసక. ఒకటి కాదు, దాదాపు అన్నీ అంతే.

ఎందుకంటే, ఫుల్‌ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సర్ ఉన్న కెమెరాలో, 1:1 దగ్గర, అంటే పురుగు సెన్సర్ మీద దాని అసలు సైజులోనే పడేంత దగ్గరగా ఉన్నప్పుడు, ఎఫ్ 8 పెట్టినా ఫోకస్‌లో ఉండేది సుమారు 1 మిల్లీమీటర్ మందం. మనం ఊపిరి పీల్చినా అంతకంటే ఎక్కువే ఊగుతాం. ఆటోఫోకస్ అటూ ఇటూ వెతుక్కునేలోపు పురుగు ఎగిరిపోతుంది. అందుకని ఆటోఫోకస్ ఆపేయండి. ఎంత దగ్గరగా కావాలో ముందే రింగ్ తిప్పి పెట్టుకోండి, ఇక రింగ్ ముట్టుకోవద్దు. మోచేతులు పక్కలకి ఆనించి, మనిషే మెల్లగా ముందుకి ఒరగాలి... చూడండి, ఇప్పుడు మీసం, ఇప్పుడు తల, ఇప్పుడు కన్ను... ఇక్కడ బర్స్ట్! పదిలో ఒకటి కుదిరినా చాలు. మళ్లీ చూపిస్తా, ఒరగడం, కన్ను, బర్స్ట్. ఎఫ్ 22 పెట్టేసి ఇంకాస్త ఎక్కువ మందం ఫోకస్‌లోకి తెచ్చుకుంటే సరిపోదా అంటారేమో, డిఫ్రాక్షన్ వల్ల, అంటే అంత చిన్న రంధ్రంలోంచి వచ్చేటప్పుడు వెలుగు చెదరడం వల్ల, ఫొటో మొత్తం మసకబడిపోతుంది.

రెక్కలు మూసుకుని కూర్చుంటే పక్కకి రండి. సెన్సర్, రెక్క రెండూ సమాంతరంగా ఉంటే రెక్క మొత్తం ఫోకస్‌లోకి వస్తుంది. మీ నీడ మాత్రం దాని మీద పడనివ్వకండి, ఠక్కున ఎగిరిపోతుంది.

కొంతమంది పురుగుని ఫ్రిజ్‌లో పెట్టి, కదలకుండా చేసి తీస్తారు. నాకది అస్సలు నచ్చదు. అంతకంటే తూనీగతో మొదలుపెట్టండి, చాలా రకాలు ఎగిరిపోయినా తిరిగొచ్చి అదే పుల్ల మీద వాలతాయి. ఫోకస్ ఆ పుల్ల మీద పెట్టుకుని కూర్చోవడమే. ఇందాకటి నుంచి ఒకటి ఇక్కడే తిరుగుతోంది... ఆ, వచ్చింది. ఒక్క నిమిషం, మాట్లాడను.