ఓడలు లేని రేవులో ఒక రాతి స్తంభం: మోటుపల్లి యాత్రపై చర్చ

సమన్వయకర్త: చర్చా కార్యక్రమానికి స్వాగతం. బాపట్ల జిల్లా చినగంజాం మండలంలోని మోటుపల్లి కాకతీయుల కాలంలో పేరుమోసిన ఓడరేవు. నేడు అదొక చిన్న తీరగ్రామం. అక్కడికి వెళ్లేవారు ఏమి చూడాలన్నది నేటి విషయం. రచయిత గారూ, మొదటిసారి వెళ్లినప్పుడు మీరు నిరాశపడ్డారట!

యాత్రా రచయిత: నిజమేనండి. రేవు అన్నారు కనుక పాత రాతి కట్టడమో, గిడ్డంగుల గోడలో కనిపిస్తాయనుకొన్నాను. తోవలో చినగంజాం ఉప్పు మడులు, ఆపైన ఇసుక, సముద్రం తప్ప మరేమీ లేవు. వీరభద్రస్వామి ఆలయ మండపంలోని శాసన స్తంభం దగ్గర రెండు నిమిషాలు నిలబడి, చదవడం రాక, ఫొటో తీసుకొని వచ్చేశాను. ఇంటికి వచ్చి శాసనపాఠం చదివితే గాని నేను దేని పక్కన నిలబడి వచ్చానో తెలియలేదు.

శాసన పరిశోధకుడు: మీ నిరాశలో తప్పు లేదు. ఇటువంటి ఇసుక తీరాలలో ఓడ ఒడ్డును ఆనుకోదు. లోతు నీటిలో లంగరు వేస్తే సరుకును చిన్న పడవల మీద దించుకొనేవారు. అందువల్ల కట్టడాలు మిగలకపోవడం వింత కాదు. మిగిలినది శక సంవత్సరం 1166లో, అనగా సామాన్య శకం 1244-45లో, కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయశాసనం. గాలివానకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైనవన్నీ పూర్వపు రాజులు బలవంతంగా తీసుకొనేవారనీ, ప్రాణంకన్నా ధనమే మిన్న అని తలచి సముద్రయానానికి తెగించిన వర్తకులకు తాము మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప తక్కినదంతా విడిచిపెడుతున్నామనీ రాజు అందులో ప్రకటించాడు. ఆ సుంకం ఎగుమతి దిగుమతులు రెండింటిమీదా ముప్పైకి ఒకటి.

సమన్వయకర్త: అయితే దీనిని రాజు దయాగుణానికి నిదర్శనంగా చూడవచ్చునా?

చరిత్ర అధ్యాపకురాలు: దయ, కీర్తి, పుణ్యం అని శాసనమే మూడు కారణాలు చెప్పుకొంది. నాలుగవది చెప్పలేదు, అది ఆదాయం. ఓరుగల్లు సముద్రానికి చాలా దూరం. గణపతిదేవుడు వెలనాటినీ దివిసీమనూ లోబరచుకొన్న తరువాతనే ఈ తీరం కాకతీయుల చేతికి వచ్చింది. సముద్రానికి కొత్తవాడైన రాజును పరదేశి వర్తకుడు ఊరకనే నమ్మడు కదా. ఓడ పగిలిన చోట సరుకు కూడా పోతుందంటే అతడు మరో రేవు చూసుకొంటాడు.

శాసన పరిశోధకుడు: అమ్మా, ఆదాయం మాట ఒప్పుకొంటాను. అయితే ఆ స్తంభం మీద నన్ను ఎక్కువగా ఆకర్షించేది రాజు మాట కన్నా సుంకాల పట్టిక. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టు, మిరియాలు, వక్కలు వంటి సరుకుల పేర్లు అందులో ఉన్నాయి. రేటు రాతిమీద ఉన్నప్పుడు సుంకరి నోటికి వచ్చినంత అడగలేడు. వర్తకుడు వేలు పెట్టి చూపగలడు.

సమన్వయకర్త: మార్కోపోలో మోటుపల్లికి వచ్చాడని ప్రచార పత్రాలలో తరచుగా చదువుతుంటాము.

చరిత్ర అధ్యాపకురాలు: ఆయన చెప్పిన ‘ముత్ఫిలి’ ఈ ఊరే అనీ, అక్కడ పాలిస్తున్నదని వర్ణించిన రాణి రుద్రమదేవి అనీ చరిత్రకారులు గుర్తించారు. స్వయంగా చూసి రాశాడా, వర్తకుల నోట విన్నాడా అన్నది వేరే చర్చ. లోయలోకి విసిరిన మాంసానికి వజ్రాలు అంటుకొంటే గద్దలు పైకి తెచ్చేవన్న కథను మనం నమ్మనక్కరలేదు గాని, సాలెగూడుతో పోల్చిన ఆ పలుచని బట్టను మాత్రం నమ్మవచ్చు. అలాగని నేటి చీరాల మగ్గాలను చూపి ఇదే ఆ నేత అనడం తొందరపాటు.

శాసన పరిశోధకుడు: కాకతీయుల తరువాత కథ ఆగిపోలేదని కూడా చెప్పాలి. 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి ఇదే ఊరిలో మరొక శాసనం వేయించి, ఇక్కడికి వచ్చి స్థిరపడే వర్తకులకు ఆదరణ ప్రకటించాడు. కొడుకులు లేకుండా మరణించిన వర్తకుని ఆస్తిని రాజు తీసుకొనే అపుత్రిక దండాన్ని రద్దు చేశాడు. నూరేళ్లకు పైగా గడిచాక మళ్లీ అభయం ఇవ్వవలసి వచ్చిందంటే, మధ్యలో వర్తకుల నమ్మకం సడలిందని నేను అనుకొంటాను.

సమన్వయకర్త: ఇప్పుడు వెళ్లదలచినవారికి మీ సలహా?

యాత్రా రచయిత: విజయవాడ, చెన్నై రైలు మార్గంలో చినగంజాం స్టేషన్ ఉంది, అక్కడ దిగవచ్చు. శాసనపాఠాన్నీ దాని తాత్పర్యాన్నీ ముందే అచ్చు తీసి వెంట ఉంచుకోండి. అక్షరాల మీదికి టార్చి వెలుగు సూటిగా కాక పక్కనుంచి పడేలా చూడండి.

శాసన పరిశోధకుడు: ఫొటోలో బాగా కనిపించాలని సుద్దపొడి పూయడం, నూనె రాయడం మాత్రం వద్దు. ఆ పని వల్ల రాయి పాడవుతుంది.

యాత్రా రచయిత: నేను రెండవసారి అలాగే వెళ్లాను మాస్టారూ. నాకు నేనుగా పోల్చుకోగలిగినవి ‘గణపతి’ అన్న నాలుగు అక్షరాలే. వాటికే అరగంట పట్టింది.