బెడ్‌రూమ్‌కి లేత రంగు: నాలుగు షేడ్లు గదిలో పెట్టి చూశాం, ఏది నిలిచిందంటే

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. నా వెనకాల కనిపిస్తోందే ఈ గోడ, దీనికిది రెండో పెయింటింగ్, మొదటిది వేసి నాలుగు నెల్లు కూడా కాలేదు, అంటే ఒకసారి డబ్బులు బూడిదలో పోశాక చేస్తున్న వీడియో అన్నమాట. అక్షరాలా బూడిదలోనే, గ్రే కలర్ కదా.

అసలు కథేంటంటే మా చెల్లి డాలస్‌లో ఉంటుంది, వీడియో కాల్‌లో వాళ్ళ బెడ్‌రూమ్ గోడ చూసినప్పుడల్లా నాకు తెగ నచ్చేసేది, అడిగితే షెర్విన్ విలియమ్స్ అనే అమెరికా పెయింట్ కంపెనీ వాళ్ళ అగ్రీయబుల్ గ్రే, 7029 నంబరు అంది. గ్రేకీ, లేత ఇసుక రంగులా ఉండే బీజ్‌కీ మధ్యలో ఉంటుంది అది, చాలా మంచి షేడ్. నేనేం చేశానూ, ఫోన్లో స్క్రీన్‌షాట్ పట్టుకుని ఇక్కడ విజయవాడలో షాపుకెళ్ళి, షేడ్ కార్డులో దానికి దగ్గరగా అనిపించింది చూపించి వేయించేశా. రెండు కోట్లూ ఆరాక మా అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి, "ఇదేంటమ్మా, సిమెంటు పూసి రంగు వెయ్యడం మర్చిపోయారా?" అన్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ, కానీ ఆవిడన్నది నిజమే, పగలు సిమెంటు, రాత్రి లైటేస్తే లేత వంకాయ రంగు.

తప్పు పెయింట్‌ది కాదండీ, నాదే. చెల్లి వాళ్ళింట్లో కింద చెక్క ఫ్లోరు, మంచం పక్కన పసుపు వెలుగు ల్యాంపులు. మా గదిలోనేమో ఐవరీ టైల్స్, నెత్తిన 6500 కె ట్యూబ్ లైటు. బల్బు డబ్బా మీద ఆ కె నంబరు ఉంటుంది చూడండి, 3000 అయితే వెచ్చగా పసుపు కొడుతుంది, 6500 అయితే తెల్లగా నీలం కొడుతుంది, నీలం కొట్టే గ్రే మీద నీలం కొట్టే వెలుగు పడితే ఇంకేముంటుంది. దానికి తోడు టేకు తలుపు, పాలిష్ చేసి నారింజ రంగులో ఉంది, చల్లటి గ్రే పక్కన పెడితే అది ఇంకా నారింజగా అరుస్తోంది.

అందుకే ఈసారి కార్పెంటర్ వదిలేసిన ప్లైవుడ్ ముక్కలు, రెండడుగులవి నాలుగు తీసుకుని ప్రైమర్ కొట్టి ఒక్కోదానికి ఒక్కో షేడ్ రెండు కోట్లు వేసి వారం రోజులు గదంతా తిప్పా. పాత రంగు గోడ మీదే చిన్న చిన్న పట్టీలు వేసి చూడకండి, చుట్టూ ఉన్న రంగు కన్నుని మోసం చేస్తుంది. ఇంకోటి, లేత రంగు అసలు ఏ వైపు కొడుతోందో తెలియాలంటే దాని పక్కన తెల్ల కాగితం ఒకటి పెట్టండి, అప్పటిదాకా "మామూలు క్రీమే కదా" అనిపించింది టక్కున గులాబీగానో పచ్చగానో బయటపడుతుంది.

మొదటిది చల్లటి లేత గ్రే, చెప్పక్కర్లేదు, పోయింది. రెండోది మీగడ రంగు, పొద్దున్న ఎంత ముద్దుగా ఉందో, కానీ మా కిటికీ పడమర, సాయంత్రం ఐదింటికి ఎండ నేరుగా పడగానే పసుపు నీళ్ళు చల్లినట్టైంది. మూడోది గులాబీ కొట్టే బీజ్, విడిగా బావుంది, టైల్ పక్కన పెడితే టైల్ మురికిగా కనిపించింది, అయిదేళ్ళ టైల్‌ని ఇప్పుడు మారుస్తామా. నాలుగోది గంధంలో కాస్త బూడిద కలిపినట్టుండే రంగు, ఇదిగో ఇదే. ఎండకీ లైటుకీ మారుతుంది, మారదని చెప్పను, కానీ ఏ పూటా విసుగనిపించలేదు.

ఎల్‌ఆర్‌వీ అని ఒకటుంటుంది, గోడ ఎంత వెలుతురు తిప్పికొడుతుందో చెప్పే నంబరు, నలుపుకి 0, తెలుపుకి 100. చెల్లి వాళ్ళ గోడది 60, మాకున్నది ఒకటే కిటికీ కాబట్టి నేను 70కి అటూ ఇటూ ఉన్నవే చూశా. ఆ ట్యూబ్ కూడా తీసేసి 3000 కె బల్బులు పెట్టించా, అది చేయకపోతే ఇదీ పాడయ్యేది.

సీలింగ్‌కి మాత్రం పెయింటర్ అన్నతో చిన్న గొడవైంది. ఆయన అలవాటు ప్రకారం తెల్లటి తెలుపు వేస్తానన్నాడు, దాని పక్కన మన గోడ ఉతకని బనీనులా కనిపిస్తుంది, అందుకని షాపులో మెషీన్ మీద ఇదే షేడ్‌ని పావు వంతు రంగుతో కలిపించా. ఫినిష్ మ్యాట్. మెరిసేది వేస్తే పక్కనుంచి లైటు పడినప్పుడు లప్పంలో ఎగుడుదిగుళ్ళన్నీ కనిపిస్తాయి. అయితే మ్యాట్‌లో కడగడానికి వీలయ్యేదే తీసుకోండి, మంచానికి ఆనుకుని తల పెట్టే చోట కొబ్బరినూనె మరక రాని ఇల్లు నేనైతే చూళ్ళేదు.

గోడ నోరు మూసుకుంది కాబట్టి పోచంపల్లి ఇక్కత్ దుప్పటి, ఆ ఎరుపూ నలుపూ, ఇప్పుడు చూడ్డానికి బావుంది, కింద వరంగల్ దర్రీ ఒకటి. కర్టెన్లు గోడ కన్నా ఒక మెట్టు ముదురు, అంతే.

ఎంత పెయింట్ అంటారా, మా గది 12 బై 11, ఎత్తు 10, నాలుగు గోడలూ 460 చదరపు అడుగులు, తలుపూ కిటికీ తీసేస్తే 420. డబ్బా మీద లీటరుకి ఎంతో రాసుంటుంది, అది ఒక కోటుకా రెండు కోట్లకా చూసుకోండి. అన్ని డబ్బాలూ ఒకేసారి కలిపించి, పెద్ద బకెట్లో పోసి మళ్ళీ కలపమనండి, లేకపోతే ఒక్కో గోడ ఒక్కోలా వచ్చే ప్రమాదం ఉంది.

ఇప్పుడు ఆ ప్లైవుడ్ ముక్కలే హాల్లో తిప్పుతున్నా. ఇక్కడ ఇంత బాగున్న నాలుగో నంబరు అక్కడ పెడితే పరమ దరిద్రంగా ఉందండీ.